చుక్క ఎక్కడ పడింది? ఆన్‌లైన్ రాజకీయ క్విజ్ రాయడం, దాని మీద వాదించుకోవడం ఎలా?

మొన్న సంక్రాంతికి మా ఊళ్లో భోజనాలయ్యాక అందరం అరుగు మీద చేరాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనకోడలు ఫోన్ తీసి, "తాతయ్యా, నీ రాజకీయం ఏంటో ఇది చెప్పేస్తుంది, రా" అంది. తాతయ్య అంటే మా పెదనాన్న. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు, అందులో పాతికేళ్లు యూనియన్ మనిషి. "నా రాజకీయం నాకు తెలీదా, ఫోన్ చెప్పాలా?" అని విసుక్కుంటూనే కళ్లజోడు పెట్టుకున్నాడు. మేనకోడలు ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పడం, ఆయన జవాబివ్వడం. ముప్పావుగంట పట్టింది. చివరికి తెర మీద ఒక గళ్ల పటం, ఆ పటం మీద ఒక చుక్క. ఎడమ వైపు, పైభాగంలో.

"తాతయ్యా, నువ్వు స్టాలిన్ పక్కన పడ్డావు!"

"మంచిదేగా!" అన్నాడు పెదనాన్న, మీసం దువ్వుకుంటూ.

తర్వాత మేనకోడలి వంతు. చుక్క కుడి వైపు, కింది భాగంలో పడింది. "కంపెనీల పంచన చేరావన్నమాట. ఇందుకేనా నిన్ను చదివించింది?" అని ఆయన అందుకున్నాడు. అక్కణ్నుంచి మొదలైన గొడవ అరిసెల డబ్బా ఖాళీ అయ్యేదాకా సాగింది. బావ కూతురి పక్షం, నేను ఎటూ తేల్చుకోలేని పక్షం. వంటింట్లోంచి అక్క వచ్చి "పండగపూట మీ కుడి ఎడమలేంట్రా" అని కసిరితే గానీ ఆగలేదు.

ఇలాంటి క్విజ్‌లు ఇప్పుడు కాలేజీ హాస్టళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, డాలస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. సరదాకి రాస్తే తప్పులేదు. కాస్త పద్ధతిగా రాస్తే మన గురించి మనకే తెలియని సంగతి ఒకటో రెండో బయటపడతాయి. మొదటిసారి రాసేవాళ్ల కోసం ఆ పద్ధతి ఇదీ.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక అరగంట తీరిక, ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. వీటితోపాటు, మీతో ఏకీభవించని మనిషి ఒకరు. ఈ చివరిది మనకు దొరకడం కష్టం కాదు, ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

1. ఏ క్విజ్ రాయాలో ఎంచుకోండి

ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒక రకం మీ భావజాలాన్ని పటం మీద చూపిస్తుంది. రెండో రకం, ఫలానా ఎన్నికల్లో మీ అభిప్రాయాలు ఏ పార్టీకి దగ్గరో చెబుతుంది.

మొదటి రకంలో అందరికీ తెలిసింది ‘పొలిటికల్ కంపాస్’. 2001లో బ్రిటన్‌లో మొదలైంది. ఆరు పేజీల్లో 62 వాక్యాలు ఇస్తుంది. ఒప్పుకుంటారో లేదో చెప్పాలి. ‘8వాల్యూస్’ అనే మరో క్విజ్‌లో 70 వాక్యాలుంటాయి. అది ఒక చుక్కతో సరిపెట్టకుండా ఆర్థికం, విదేశీ వ్యవహారాలు, పౌరస్వేచ్ఛ, సమాజం అని నాలుగు విషయాల్లో మీ మొగ్గు ఎటో శాతాల్లో చూపిస్తుంది. తీరిక లేనివాళ్ల కోసం పది ప్రశ్నల అమెరికన్ క్విజ్ ఒకటుంది, పేరే ‘ప్రపంచంలోకెల్లా చిన్న రాజకీయ క్విజ్’. అయితే దానికి ఆధారం డేవిడ్ నోలన్ గీసిన పటం. 1971లో అమెరికాలో లిబర్టేరియన్ పార్టీని స్థాపించినవాళ్లలో ఆయన ఒకరు. ప్రభుత్వం ఎంత తక్కువ జోక్యం చేసుకుంటే అంత మేలు అనేది వాళ్ల సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ప్రచారం చేసే సంస్థే ఆ క్విజ్‌ని నడుపుతోంది. ప్రశ్నలు చాలామందిని అటే నెట్టేలా ఉన్నాయన్న విమర్శ దానిమీద ఎప్పట్నుంచో ఉంది.

రెండో రకానికి మంచి ఉదాహరణ జర్మనీలోని ‘వాల్-ఓ-మాట్’. పౌరులకు రాజకీయ అవగాహన కల్పించే ప్రభుత్వ సంస్థ 2002 నుంచి ఎన్నికల ముందు దీన్ని నడుపుతోంది. 38 వాక్యాలు, వాటికి పార్టీలే ముందుగా జవాబులిస్తాయి, తర్వాత మన జవాబులతో పోల్చి చూపిస్తుంది. 2021 ఎన్నికల్లో దీన్ని 2 కోట్లకు పైగా సార్లు వాడారు. దీన్నీ కోర్టుకు లాగారు. ఒకేసారి ఎనిమిది పార్టీలతోనే పోల్చుకునే వీలుండటం చిన్న పార్టీలకు అన్యాయమని 2019లో ఒక చిన్న పార్టీ వాదించింది, కొలోన్ కోర్టు దాని వైపే మొగ్గింది.

దీన్నిబట్టి మొదటి నియమం: ప్రశ్నలు చదివే ముందు, వాటిని తయారు చేసిందెవరో చూడండి. తూకం వేసేముందు తక్కెడని ఒకసారి చూసుకుంటాం కదా, అలాగే.

2. గీతలేంటో తెలుసుకోండి

కుడి, ఎడమ అనే మాటలు 1789లో ఫ్రెంచి విప్లవకాలపు సభలో పుట్టాయి. రాజుకు వీటో అధికారం ఉండాలన్నవాళ్లు సభాపతికి కుడి పక్కన కూర్చున్నారు, వద్దన్నవాళ్లు ఎడమ పక్కన. కుర్చీల అమరిక కాస్తా సిద్ధాంతమై కూర్చుంది.

పొలిటికల్ కంపాస్‌లో అడ్డగీత ఆర్థికానికి సంబంధించింది. ఎడమకు పోయేకొద్దీ ప్రభుత్వం, సమష్టి. కుడికి పోయేకొద్దీ మార్కెట్, ప్రైవేటు. విశాఖ ఉక్కు ప్రభుత్వం చేతిలోనే ఉండాలా, ప్రైవేటుకిచ్చేయాలా? 1983లో ఎన్టీఆర్ పెట్టిన కిలో 2 రూపాయల బియ్యం పథకం ఖజానాకి భారమా, పేదవాడికి హక్కా? ఇలాంటివన్నీ అడ్డగీత మీది ప్రశ్నలు.

నిలువుగీత అధికారానికి సంబంధించింది. పైకి పోయేకొద్దీ కట్టుబాటు, క్రమశిక్షణ. కిందికి దిగేకొద్దీ వ్యక్తి స్వేచ్ఛ. సినిమాకి సెన్సారు ఉండాలా? బడిలో మాస్టారు బెత్తం పట్టుకోవచ్చా? పోలీసుకి ఎంత అధికారం ఇవ్వాలి? ఇవి నిలువుగీత ప్రశ్నలు.

రెండు గీతలకీ −10 నుంచి +10 దాకా అంకెలుంటాయి. స్టాలిన్ ఎడమ పై మూలలో, థాచర్ కుడి పైభాగంలో, గాంధీ ఎడమ కిందిభాగంలో ఉంటారని ఆ సైటు వాళ్లే పటం వేసి చూపించారు.

గాంధీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఊరే తన్ను తాను పాలించుకోవాలని, రాజ్యం పెత్తనం తగ్గాలని ఆయన కోరిన మాట నిజమే. కాబట్టి కింద ఉండటం న్యాయమే. కానీ సంపూర్ణ మద్యనిషేధం అడిగిందీ ఆయనే. "మనిషి ఏం తాగాలో ప్రభుత్వం చెప్పవచ్చా?" అని క్విజ్ అడిగితే, గాంధీ చెప్పే జవాబుకు చుక్క పైకి ఎగబాకుతుంది. ఒక మనిషిని రెండు గీతల మీద పెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి చూడండి.

3. రాసేముందే మీ చుక్క మీరు పెట్టుకోండి

కాగితం మీద ఒక కూడిక గుర్తు గీయండి. ఎడమ, కుడి, పైన, కింద అని రాయండి. మీరెక్కడుంటారని మీకనిపిస్తోందో అక్కడ పెన్నుతో చుక్క పెట్టండి. పక్కనే మీతో వాదించబోయే మనిషి చుక్క ఎక్కడుంటుందో ఊహించి అదీ పెట్టండి. కాగితం మడిచి జేబులో పెట్టుకోండి.

ఈ పని చాలామంది చేయరు. చేసినవాళ్లకే అసలు లాభం. క్విజ్ చెప్పిన చుక్కకీ మీరు పెట్టుకున్న చుక్కకీ మధ్య దూరమే మాట్లాడుకోదగ్గ విషయం. అవతలి మనిషి గురించి మీరు ఊహించిన చుక్క తప్పిందంటే అది ఇంకా పెద్ద విషయం.

4. జవాబులు ఇవ్వడం

ఇక్కడే తొందరపడతాం. పొలిటికల్ కంపాస్‌లో నాలుగే జవాబులు: గట్టిగా కాదు, కాదు, అవును, గట్టిగా అవును. మధ్యస్థం లేదు. మన ఓటింగ్ యంత్రంలో 2013 నుంచి నోటా అయినా ఉంది, ఇక్కడ అదీ లేదు. ఎటో ఒకవైపు మొగ్గాల్సిందే. అందుకని ఈ జాగ్రత్తలు పాటించండి.

ప్రతి వాక్యం రెండుసార్లు చదవండి. ఇంగ్లిష్‌లో "కూడదు", "లేకపోతే తప్ప" లాంటివి రెండు వచ్చాయంటే అవును కాదవుతుంది, కాదు అవునవుతుంది. ఎవరికైనా చదివి వినిపిస్తుంటే తెలుగులోకి మార్చి, "అంటే నువ్వు అనేది ఇదా?" అని ఒకసారి అడగండి.

రెండు మాటలు ఒకే వాక్యంలో కలిపారేమో చూడండి. పొలిటికల్ కంపాస్ మొదటి ప్రశ్నే అలాంటిది. ప్రపంచీకరణ ఎలాగూ తప్పనప్పుడు అది బహుళజాతి కంపెనీల కన్నా మనుషులకే ఉపయోగపడాలా అని అడుగుతుంది. మనుషులకొద్దు, కంపెనీలకే కావాలి అని ఎవరంటారు? ప్రపంచీకరణ తప్పదు అన్న మొదటి సగాన్ని ఒప్పుకోనివాళ్లకి మాత్రం అక్కడ జవాబు చెప్పే చోటే లేదు.

‘ఔను’ అనే అలవాటుని కనిపెట్టండి. ఎదుటివాళ్లు ఏదైనా చెబితే తలూపడం మర్యాద అని మనకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. సర్వేలు చేసేవాళ్లకి ఇది తెలిసిన తలనొప్పే: విషయం ఏదైనా "అవును" అనేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు. వరసగా అయిదు "అవును"లు పడ్డాయంటే ఆగి, ఆఖరి ప్రశ్న మళ్లీ చదవండి.

మీరు ఎలా ఉండాలనుకుంటున్నారో కాదు, ఎలా ఉన్నారో అది రాయండి. పిల్లల్ని కొట్టడం తప్పని రాసి, నిన్ననే హోంవర్కు కోసం ఒక్కటి వేసి ఉంటే ఆ చుక్క మీది కాదు, మీ పక్కింటివాళ్లది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఏ ప్రశ్న దగ్గర మీ వేలు ఆగిందో ఆ ప్రశ్న అంకెని కాగితం మీద రాసుకోండి. పది సెకన్లు ఆలోచించాల్సి వచ్చినా సరే, ఇటు నొక్కి అటు మార్చినా సరే, రాయండి. 62 ప్రశ్నల్లో ఇలాంటివి అయిదారు తేలతాయి. ఫలితం కన్నా ఈ చీటీ విలువైనది. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

5. మనవి కాని ప్రశ్నలు, అందులో లేని మన ప్రశ్నలు

ఈ క్విజ్‌లు బ్రిటన్, అమెరికాల్లో పుట్టాయి కాబట్టి అక్కడి గొడవలే అందులో ఎక్కువ. గర్భస్రావం అమెరికాలో పార్టీలను చీల్చే విషయం. మన దగ్గర 1971లోనే చట్టం వచ్చింది, ఆ పేరు మీద ఇక్కడ ఎవరూ ఎన్నికల సభ పెట్టరు. జ్యోతిషం చాలా విషయాలను కచ్చితంగా వివరిస్తుందా అని పొలిటికల్ కంపాస్‌లో ఒక ప్రశ్న ఉంది. లండన్‌లో ఆ ప్రశ్నకిచ్చే జవాబుకీ, ఉగాదినాడు ప్రభుత్వమే పంచాంగ శ్రవణం ఏర్పాటు చేసే చోట ఇచ్చే జవాబుకీ ఒకే అర్థం ఉంటుందా?

అందులో లేనివి ఇంకా పెద్దవి. రిజర్వేషన్లు లేవు. కౌలురైతు లేడు. నదీజలాలు లేవు. తెలుగు మీడియమా ఇంగ్లిష్ మీడియమా అన్నది లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం జీవో వచ్చినప్పుడు జరిగిన వాదనలు గుర్తు చేసుకోండి. పేదపిల్లలకి ఇంగ్లిష్ దక్కకుండా చేసి మీ పిల్లల్ని మాత్రం కాన్వెంటుకి పంపుతారా అని ఒకరు. అమ్మభాషలో చదువు పిల్లల హక్కు అని ఇంకొకరు. రెండు వైపులా సమానత్వం కోరేవాళ్లే ఉన్నారు. ఇది కుడా, ఎడమా? పైనా, కిందా? ఏ గీతా పట్టుకోలేదు.

దూబగుంటని చూడండి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాస్యత కార్యక్రమంలో చదువుకున్న ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా ఉద్యమమైంది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. "నిషేధం కావాలా?" అన్న ప్రశ్నకు వాళ్లు "గట్టిగా అవును" అంటారు, క్విజ్ వాళ్లని పైకి, అధికారం వైపుకి తోసేస్తుంది. కానీ వాళ్లు ఎదిరించిందే అధికారాన్ని: సారా వేలంతో ఖజానా నింపుకునే ప్రభుత్వాన్ని, దాని వెనకున్న కాంట్రాక్టర్లని, ఇంట్లో చెయ్యెత్తే మొగుణ్ని. చుక్క పైకి పోయింది, మనుషులు మాత్రం కింది నుంచి లేచినవాళ్లు.

6. ఫలితం చదవడం, దాచుకోవడం

తెర మీద −4.38 అనో +2.13 అనో వస్తుంది. ఆ దశాంశాలని చూసి మోసపోకండి. నాలుగు రకాల జవాబుల నుంచి వచ్చిన లెక్క అది. కంసాలి త్రాసు కాదు, కాటా. రెండు వారాలాగి మళ్లీ రాయండి. ఒకటి రెండు గళ్లు అటూ ఇటూ జరిగితే మీరు మారినట్టు కాదు. గీత దాటి అవతలికి పోతే మాత్రం ఏ ప్రశ్నలు మారాయో చూసుకోండి.

మార్కులు ఎలా వేస్తారో కూడా చూడాలి. 8వాల్యూస్ కోడ్ అందరికీ తెరిచి ఉంది. ఏ జవాబుకి ఎంతో, చూడటం తెలిసినవాళ్లు చూసుకోవచ్చు. పొలిటికల్ కంపాస్ తన లెక్క బయటపెట్టదు. 8వాల్యూస్‌లో మరో తిరకాసు ఉంది: అన్నిటికీ "తటస్థం" నొక్కుకుంటూ పోతే నాలుగు చోట్లా సరిగ్గా 50 శాతం వస్తుంది. నిజంగా మధ్యేమార్గంలో ఉన్నవాడికీ, విసుగొచ్చి నొక్కినవాడికీ ఒకటే ఫలితం.

ఫలితంతో పాటు వచ్చే బిరుదులతోనూ జాగ్రత్త. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, "ఇది మీ వ్యక్తిత్వం" అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమంటే సగటున 4 దాటి వేశారు. అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే! అందులోని వాక్యాలు ఆయన జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. "మీరు స్వేచ్ఛను కోరుతారు, కానీ బాధ్యతను విస్మరించరు" అని క్విజ్ చెబితే, ఆదివారం అనుబంధంలో వారఫలాలు చదివినట్టు చదివి పక్కన పెట్టండి.

ఇక దాచుకోవడం. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడింది. ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ క్విజ్ రాసినవాళ్ల సమాచారంతో పాటు వాళ్ల స్నేహితుల సమాచారం కూడా ఎన్నికల ప్రచార సంస్థ చేతికి పోయింది. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. సమాచారం పోయే వీలున్నది 5.62 లక్షల మందిది. ఒకడు తలుపు తీస్తే వీధి వీధంతా దోపిడీకి గురైనట్టు.

అందుకని, ఫోన్ నంబరు అడిగే క్విజ్ రాయకండి. ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ అవమంటే వద్దనండి. కులం, ఊరు, నియోజకవర్గం అడిగితే ఆ పేజీ మూసేయండి. భావజాలం తేల్చడానికి నియోజకవర్గంతో పనిలేదు, ఓటరు జాబితా తయారు చేసుకునేవాళ్లకే దానితో పని. స్క్రీన్‌షాట్ ఆఫీసు గ్రూపులో పెట్టకండి. ప్రభుత్వ ఉద్యోగులైతే మరీ. రాజకీయాలకు దూరంగా ఉండాలని మీ ప్రవర్తన నియమావళే చెబుతోంది. చుక్క చూపించాక కూడా ఓటు రహస్యమే. "అయితే ఎవరికి వేశావు?" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

7. వాదించుకోవడం

మా అరుగు మీద గొడవ ఎందుకు పెరిగిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మేం చుక్కల మీద కొట్టుకున్నాం. చుక్క మీద వాదన ఎప్పుడూ మనిషి మీదికే పోతుంది: "నువ్వు ఇలాంటివాడివి", "నువ్వు అలాంటిదానివి". ప్రశ్న మీద వాదన అయితే విషయం మీద ఉంటుంది. కాబట్టి ఫలితాలు పక్కన పెట్టి, వేలు ఆగిన ప్రశ్నల చీటీలు బయటికి తీయండి. ఇద్దరి చీటీల్లోనూ ఉన్న ప్రశ్న ఒకటి ఎంచుకోండి. ఆ పూటకి అది ఒక్కటే.

నియమాలు మనకి బాగా తెలిసినచోటి నుంచే తెచ్చుకోవచ్చు, అవధానం నుంచి.

మొదటిది నిషిద్ధాక్షరి. అవధానంలో పృచ్ఛకుడు అక్షరాల్ని నిషేధించినట్టు, ఇక్కడ పేర్లని నిషేధించండి. ఆ అరగంటా ఏ పార్టీ పేరూ, ఏ నాయకుడి పేరూ, ఏ కులం పేరూ పలకకూడదు. పసుపు, గులాబీ, కాషాయం, ఎరుపు, నీలం అని రంగులతో తప్పించుకోవడమూ కుదరదు. మొదట్లో నోరు కట్టేసినట్టుంటుంది. అయిదు నిమిషాలయ్యాక మనసులో ఉన్న అసలు కారణం బయటికొస్తుంది, ఎందుకంటే చెప్పడానికి ఇంకేమీ మిగలదు కనక.

రెండోది ధారణ, అంటే విన్నది తిరిగి అప్పజెప్పడం. అవతలివాళ్లు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి, వాళ్లు "అదే నేనన్నది" అన్నాకే మీ జవాబు మొదలుపెట్టాలి. సగం తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

మూడోది అప్రస్తుత ప్రసంగి. అవధానంలో ఈయన పని మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్నలేసి ఏకాగ్రత చెడగొట్టడం. మన ఇళ్లలో ఈ పని జీతం లేకుండా చేసేవాళ్లున్నారు. మా ఇంట్లో బావ. ఆయనకి ఆ పదవి అధికారికంగా ఇచ్చేయండి: గడియారం చూడమనండి, అరగంటకి ఆపమనండి. పని ఒప్పజెబితే మాట తగ్గుతుంది.

ఈ పద్ధతిలో మర్నాడు, కనుమనాడు, మేం మళ్లీ కూర్చున్నాం. పెదనాన్న చీటీలోనూ మేనకోడలి చీటీలోనూ ఒకే ప్రశ్న ఉంది: పని చేయగలిగి ఉండి, పని దొరికీ చేయనని మొరాయించేవాడు సమాజం తనని పోషించాలని ఆశించకూడదు. ఇద్దరూ "అవును" నొక్కారు. చుక్కలు చెరో మూలా, జవాబు మాత్రం ఒకటే!

"నీకెందుకు అవునే?" అన్నాడు ఆయన.

"నెలనెలా నా జీతంలో ట్యాక్స్ కట్ అవుతుంది కదా తాతయ్యా. కష్టపడకుండా కూర్చున్నవాళ్లకి నేనెందుకు పెట్టాలి?"

"నాకూ అదే. కానీ నేననేది పేదవాడి గురించి కాదు. అద్దెలు, వడ్డీలు తింటూ జన్మలో పని చేయనివాడి గురించి. పని చేయనివాడికి తిండి లేదని రష్యావాళ్లు చట్టంలోనే రాసుకున్నారు."

ఆయన చెప్పింది నిజమే. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలో ఆ అర్థమిచ్చే మాట ఉంది. మామూలుగా కుడి వైపు మాటగా అనిపించే వాక్యం అది. ఇద్దరి చుక్కల్లోనూ అది ఒకే వైపు కలిసింది. కారణాలు మాత్రం తూర్పూ పడమరా.

అక్కణ్నుంచి మాట ఉపాధి హామీ మీదికి మళ్లింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దేశంలోనే మొదటగా ఆ పథకం మొదలైంది. అది ఊరికే పెట్టే సాయమా, పని అడిగే హక్కా? "వాళ్లు పని చేశాకే డబ్బిస్తారు కదా, అయితే అది నా ప్రశ్నలోకి రాదు" అని మేనకోడలు తనే అంది. "పని చూపించని సర్కారు, పని చేయలేదని మనిషిని తిట్టకూడదు" అని పెదనాన్న. ఆ మాట ఒప్పుకున్నట్టు అది తలూపింది. ఎవరి చుక్కా కదలలేదు. కానీ అరగంటలో ఇద్దరి మధ్యా ఒక వాక్యం కుదిరింది. ముందురోజు రెండు గంటల్లో అదీ కుదరలేదు.

8. చివరికి, మీ క్విజ్ మీరే రాసుకోండి

ఒకటి రెండుసార్లు రాశాక ఆ ప్రశ్నలు పాతబడతాయి. అప్పుడు మీ ఇంటికో, మీ కాలేజీకో సొంతంగా పది వాక్యాలు రాసుకోండి. పద్ధతి తేలిక: ఒక వాక్యంలో ఒకే విషయం, "ఎప్పుడూ", "అందరూ" అన్న మాటలొద్దు, నాయకుల పేర్లొద్దు, సగం వాక్యాలు ఒకవైపు మొగ్గితే సగం రెండోవైపు మొగ్గాలి, లేకపోతే తలూపేవాడే గెలుస్తాడు. మచ్చుకి కొన్ని:

• సొంత భూమి లేని కౌలురైతుకే పంట సాయం ముందు అందాలి.

• ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు కోటా పెట్టడం సరికాదు.

• అయిదో తరగతి దాకా చదువు తెలుగులోనే చెప్పాలి.

• మద్యం మీద వచ్చే ఆదాయాన్ని ప్రభుత్వం వదులుకోవాలి.

• విద్యుత్తు పంపిణీ ప్రైవేటువాళ్లు చేస్తేనే బాగుంటుంది.

• పెళ్లి విషయంలో తల్లిదండ్రుల మాట కన్నా పిల్లల మాటకే విలువ.

• సినిమా టికెట్ ధర ప్రభుత్వం నిర్ణయించాల్సిన విషయం కాదు.

• రాజధాని కోసం భూమి ఇచ్చే రైతు, వద్దనుకుంటే ఇవ్వకుండా ఉండగలగాలి.

మిగతా రెండూ మీ ఊరివి పెట్టుకోండి. చెరువో, బడో, రోడ్డో. వీటికి మార్కులు వేయకండి, చుక్క పెట్టకండి. ఎవరు ఎక్కడ ఆగారో మాత్రం రాసుకోండి.

ఇంతా చెప్పింది ఒక్క మాట కోసం. ఈసారి ఎవరైనా ఫోన్ చూపించి "నా చుక్క చూశావా?" అంటే, కుడా ఎడమా అని అడగకండి. "ఏ ప్రశ్న దగ్గర ఆగావు?" అని అడగండి. జవాబు వినడానికి ఒక అరగంట ఖాళీ పెట్టుకోండి.